మధ్యల మింగిన మాట

తాలూకా ఆఫీసు వెనక పాత గోదాంల
నాలుగు రోజులు నేర్పిన్రు మాకు,
తగువు తెంపుడు కాదు, తగువు వినుడు.
గడ్చిరోలి నుంచి వచ్చిన ఖోబ్రగడే మేడం,
చేతిల సుద్దముక్క, కాళ్లకు రబ్బరు చెప్పులు,
"తీర్పు చెప్పాలని నాలుక దురద పెడితె
ఓ గుక్క నీళ్లు తాగున్రి" అన్నది మరాఠీల.
మొదటి రోజు నేను మూడు చెంబులు తాగిన.

మా సిరొంచల తీర్పులకు కరువు లేదు.
పిట్టపోరు పిల్లి తీర్చినట్టు తీర్చి
మీసాలు తుడుచుకుంట లేచిపోయిన పెద్దమనుషులను
చిన్నప్పటి సంది చూస్తున్న.
కుట్టుమిషను ముందల కూసొని
ఒక చెవిల తెలుగు, ఒక చెవిల మరాఠీ,
అంగడి నాడు మాడియా మాట గూడ
వినుకుంటనే జాకెట్లు కుట్టిన.
అందుకే నన్ను పిలిచిన్రేమొ.

నా మొదటి తగువు మోటరుది.
మోటరు దుర్గం మొండయ్యది,
ఎండుతున్న మిరపతోట నామ్‌దేవ్ చిచ్‌ఘరేది.
రాత్రి రెండింటికి కరెంటొచ్చింది, వోల్టేజి రాలేదు.
వైండింగు కాలిన వాసన.
మూడు రోజులు నామ్‌దేవ్ చెప్పలేదు.
నాలుగో రోజు లైన్‌మన్ చెప్పిండు.

ఇద్దరి నడుమ స్టూలు వేసుకున్న.
నేనొక సన్నటి జల్లెడ అనుకున్న,
రాళ్లు నా దగ్గరే ఆగాలె అనుకున్న.
మొండయ్య అన్నడు:
"ఈ దొంగ సచ్చినోడు నా మోటరును పీనుగ చేసిండు."
నేను మరాఠీల చెప్పిన,
మొండయ్య భావుకు కొంచెం బాధగ ఉన్నదట అని.

నామ్‌దేవ్ నా దిక్కు చూసిండు,
మంచి తెలుగుల అడిగిండు:
"సచ్చినోడు యాడ పోయిండు వదినా?
తొవ్వల మింగినవా?"

మొండయ్యకు నవ్వొచ్చింది, దగ్గుల దాసిండు.
నా చెవులు ఎర్రగైనయి.
ఇరవై ఏండ్ల సంది గోడకు గోడ ఆనిన ఇండ్లు,
ఒకరి తిట్టు ఒకరికి తెల్వదా?
నీళ్లు తాగిన. ఎవ్వలం మాట్లాడలేదు.
రేకుల మీద కోతి ఉరికింది, పోయింది.
అప్పుడు అడిగిన, మేడం రాయించిన ప్రశ్న కాదు,
నా నోటికొచ్చింది:
"కాలింది మోటరు. మండుతున్నది ఏంది, మొండయ్యా?"

శానసేపటికి నోరు తెరిచిండు,
తెలుగుల కాదు, మరాఠీల, నామ్‌దేవ్‌కే సూటిగ:
"నీ తలుపు నుంచి నా తలుపుకు పదకొండు అడుగులు.
మా అమ్మ సచ్చిన రాత్రి నువ్వే ముందుగాల వచ్చినవు.
మోటరు సచ్చిన రాత్రి ఎందుకు రాలేదు?"

నామ్‌దేవ్ నేల చూసి, తెలుగుల:
"వచ్చిన. మూడు రాత్రులు వచ్చిన.
తొమ్మిదో అడుగు కాడ నిలబడి మళ్లిన.
వట్టి చేతులతోటి
తలుపెట్ల కొట్టాలె?"

అబ్బ, అప్పుడు నా నాలుక దురద!
సగం నువ్వు, సగం వాడు అని
లెక్క గీసి లేవాలనిపించింది.
చెంబు ఖాళీ.
దారం కండె తిప్పుకుంట కూసున్న.

రెండువేల ఎనిమిది వందల లెక్క ఇంకా తెగలేదు.
మొండయ్య "చూద్దాం" అన్నడు,
మా దిక్కు ఆ మాట అవునూ కాదు, కాదూ కాదు.
మేడం ఇచ్చిన కాగితంల ఒక గడి ఉన్నది,
ఏ భాషల మాట్లాడిన్రు అని.
తెలుగు రాసి కొట్టేసిన, మరాఠీ రాసి కొట్టేసిన,
గడి నిండ గీతలే.

బుధవారం పొద్దున మోటరును గోనెసంచిల చుట్టి
అంకీస మెకానిక్ కాడికి తీస్కపోయిన్రు.
ఒక్క బండి మీద కాదు.
ముందల మొండయ్య, మోటరు,
ఎనుక, అల్లంత దూరంల నామ్‌దేవ్.
అంగడి జీపుల నుంచి నేను చూసిన,
వాగు కాడ ముందటి బండి మెల్లగైంది.
బురద ఉన్నందుకో,
ఎనుకటి బండి కొరకో,
నేను అడగలేదు.